మా ఇంట్లో రెండో పోస్ట్‌మాస్టరు

పరాయి ఊరి మనిషి మన ఇంట్లో ఇమడాలంటే రెండే మార్గాలు. వచ్చిన మనిషి మన పద్ధతులైనా నేర్చుకోవాలి. లేదా మనమే ఒక గది ఖాళీ చేసిచ్చి, ఆ గుమ్మం లోపల పుట్టింటి పద్ధతులు సాగించుకోమనాలి. కొత్తకోడళ్ళ విషయంలో ఈ సంగతి తెలియని వాళ్ళెవరూ లేరు. కంప్యూటర్లో పెట్టే ప్రోగ్రాములకీ ఇదే సూత్రమని మాత్రం నాకు రిటైరయ్యాక గాని తెలిసిరాలేదు.

నేను ముప్ఫై ఏళ్ళ పైన హైస్కూల్లో లెక్కలు చెప్పినదాన్ని. మావారు పోస్ట్‌మాస్టరుగా చేసి రిటైరయ్యారు. (ఈ రెండో వాక్యం గుర్తుంచుకోండి, ముందు ముందు పని పడుతుంది.) మా వీధిగదిలో మహిళామండలి వాళ్ళ గ్రంథాలయం నడుస్తుంది. నాలుగు వేల పైచిలుకు పుస్తకాలు. ఏ పుస్తకం ఎప్పుడొచ్చింది, ఎవరు పట్టుకెళ్ళారు, ఎప్పుడు తిరిగిచ్చారు - అంతా బౌండు రిజిస్టర్లలోనే ఉండేది. వాటిలో పాతవాటిని మాకంటే చెదపురుగులే శ్రద్ధగా చదివాయి.

ఎవరో పుణ్యాత్ములు కొత్త కంప్యూటరు కొనుక్కుని పాతది మండలికిచ్చారు. విండోస్ ఎక్స్‌పీ ఉన్నది. 2004 వేసవిలో, ఇంటర్ పరీక్షలు రాసి ఖాళీగా ఉన్న ఇద్దరమ్మాయిలు రెండు నెలలు కూచుని రిజిస్టర్లన్నీ అందులో ఒక పెద్ద పట్టీగా ఎక్కించారు. ఆఖరిరోజున పట్టీని భద్రపరుస్తుండగా, సరిగ్గా ఆ క్షణానే కరెంటు పోయింది. వచ్చాక తెరిచి చూస్తే పట్టీ లేదు. దాని స్థానంలో ఏవో చతురస్రాలూ, ప్రశ్నార్థకాలూ తెరనిండా పరుచుకుని ఉన్నాయి. రిజిస్టర్లున్నాయి కదా, మళ్ళీ ఎక్కించుకోవచ్చు అంటారేమో! ఆ ఏటి వానలకి గోడ చెమ్మెక్కి వాటిలో మూడోవంతు ముద్దయిపోయింది.

శ్రావణమాసంలో ఒక పెద్దాయన వచ్చారు. భార్య పోయి నెలయింది. ఆవిడ మా గ్రంథాలయంలో సభ్యురాలు. డిపాజిట్టు యాభై రూపాయల కోసం వచ్చారనుకుని పెట్టె తియ్యబోయాను. "డబ్బు కాదమ్మా. మా ఆవిడ ఇన్నేళ్ళూ ఏమేం పుస్తకాలు చదివిందో ఒక్కసారి చదివి వినిపిస్తారా?" అన్నారాయన. వినిపించడానికి నా దగ్గరేముంది? ముద్దయిన కాగితాలూ, ముప్పావలా చతురస్రాలూను. ఆయన మజ్జిగ తాగి, చెప్పులేసుకుని వెళ్ళిపోయారు.

ఆ సాయంత్రమే హైదరాబాదులో ఉన్న మా అక్క కొడుక్కి ఫోను చేశాను. "ఒరే నాయనా! రాసింది రాసినట్టు నిలబడేది నీ కంప్యూటర్ల లోకంలో ఏదైనా ఉందా?"

"ఉంది పిన్నీ. పోస్ట్‌గ్రెస్ అని డేటాబేస్ సర్వరు. డబ్బివ్వక్కర్లేదు. దసరాకి తెచ్చి పెడతాను" అన్నాడు.

సర్వరంటే మనకి హోటల్లో ఇడ్లీ తెచ్చే మనిషి. చెప్పొద్దూ, ఆ అర్థం ఇక్కడా సరిపోతుంది. మామూలు పట్టీలో ఎవరికి వారే వంటింట్లోకి జొరబడి గిన్నెల్లో చెయ్యి పెడతారు. సర్వరున్నచోట ఎవరూ లోపలికి పోరాదు. బల్ల దగ్గర కూచుని అడగాలి. అది తెచ్చి వడ్డిస్తుంది. దాచమంటే తీసుకెళ్ళి దాస్తుంది. పగలూ రాత్రీ మెలకువగా ఉంటుంది.

దీని వంశచరిత్ర కూడా మా వాడే చెప్పాడు. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రపు బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో 1970లలో మైకేల్ స్టోన్‌బ్రేకర్, యూజీన్ వాంగ్ అనే ఆచార్యులు ఇంగ్రెస్ అనే డేటాబేస్ తయారుచేశారు. ఆ తర్వాత స్టోన్‌బ్రేకర్ 1986లో మరొకటి మొదలుపెట్టారు. ఇంగ్రెస్ తర్వాత వచ్చింది కనక పోస్ట్‌గ్రెస్. 1994లో ఆండ్రూ యూ, జాలీ చెన్ అనే ఇద్దరు విద్యార్థులు దానికి ఎస్‌క్యూఎల్ భాష నేర్పారు. 1996 నించి పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అనే పేరుతో దేశదేశాల వాళ్ళు కలిసి సాకుతున్నారు. ముద్దుగుర్తు ఏనుగు. స్టోన్‌బ్రేకర్‌కి 2014 సంవత్సరపు ట్యూరింగ్ బహుమతి వచ్చింది. మంచి సంబంధమే. చిక్కల్లా పుట్టింటితోటే.

దాని పుట్టిల్లు యూనిక్స్. 1969లో బెల్ ప్రయోగశాలలో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ మొదలుపెట్టిన ఇల్లది. మాదేమో విండోస్ ఇల్లు. రెండిళ్ళకీ దేనిలోనూ పొత్తు కుదరదు. దస్త్రాల దారి రాసేటప్పుడు ఒకళ్ళు గీత ఇటు వాలుస్తారు, ఇంకొకళ్ళు అటు. యూనిక్స్ వాళ్ళకి పెద్దక్షరాలతో రాసిన పేరు వేరు, చిన్నక్షరాలతో రాసిన పేరు వేరు. విండోస్‌కి రెండూ ఒకటే. లైను చివర యూనిక్స్ ఒక్క గుర్తుతో సరిపెడుతుంది. విండోస్ పాత టైపుమిషను మర్యాద వదలకుండా, బండి వెనక్కి తోసినందుకొకటి, కాగితం పైకి జరిపినందుకొకటి - రెండు గుర్తులు పెడుతుంది. మావారు ఇది విని, "విండోసే నయం, పద్ధతి తెలిసినది" అన్నారు.

2004 దసరానాటికి, విండోస్ మీద స్వయంగా నిలబడి నడిచే పోస్ట్‌గ్రెస్ ఇంకా తయారీలోనే ఉంది. కాబట్టి మా వాడు నేను మొదట చెప్పిన రెండో మార్గం పట్టాడు. దాని పేరు సిగ్విన్. సిగ్నస్ అనే కంపెనీలో 1995లో పుట్టిన ద్విభాషి. యూనిక్స్ పిల్ల ఏదడిగినా దాన్ని విండోస్ భాషలోకి మార్చి అడుగుతుంది; వచ్చిన జవాబుని యూనిక్స్ భాషలో చెబుతుంది. సి డ్రైవు అనే మాట ఆ గదిలో వినపడకూడదు కనక, దానికి కూడా యూనిక్స్ మర్యాదలో వేరే దారి పేరు పెట్టింది. ఒక గది ఖాళీ చేసి, గోడలకి పుట్టింటి రంగు వేయించినట్టన్నమాట!

పని మాత్రం ఆషామాషీ కాదు. పోస్ట్‌గ్రెస్ దగ్గరికి ఎవరైనా వస్తే, పెద్దాయన తనే కూచుని మాట్లాడడు. తనలాంటి మనిషినే ఇంకొకణ్ణి పుట్టించి వాళ్ళకి అప్పగిస్తాడు. పదిమంది వస్తే పదిమంది పుడతారు. దీన్ని యూనిక్స్‌లో ఫోర్క్ అంటారు. నవరాత్రుల్లో చెప్పుకునే రక్తబీజుడి కథే. నెత్తుటిచుక్క నేలరాలగానే అదే రూపం, అదే బలం, అదే జ్ఞాపకం. విండోస్‌లో ఈ విద్య లేదు. అక్కడ కొత్తగా పుట్టినవాడు పసివాడు, ఏమీ తెలియదు. అందుకని సిగ్విన్ ఒక పసివాణ్ణి పుట్టించి, తల్లి జ్ఞాపకాలన్నీ వాడి బుర్రలోకి ఎత్తిపోసి, "ఇదుగో రక్తబీజుడు" అంటుంది. పని జరుగుతుంది గాని, ఎత్తిపోయడానికి పట్టే సమయం పడుతుంది.

ఈ పుట్టినవాళ్ళంతా కలిసి చూసుకునే ఉమ్మడి పలక ఒకటుండాలి. దాన్ని అమర్చిపెట్టడానికి సిగ్‌సర్వర్ అనే సహాయకుణ్ణి ముందుగా లేపాలి. వాడు లేవకపోతే పోస్ట్‌గ్రెస్ "బ్యాడ్ సిస్టమ్ కాల్" అని ఒక్క ముక్క అని వెళ్ళిపోతుందిట. కారణం చెప్పదు. మా వాడు ఆ క్రమమంతా కాగితం మీద రాసి గోడకి అంటించాడు: మొదట సహాయకుడు, తరవాత పెద్దాయన. ఆపేటప్పుడు ముందు పెద్దాయన, తరవాత సహాయకుడు.

తరవాత ఇనిట్‌డీబీ అనే ఆజ్ఞ. ఇది గృహప్రవేశం. ఖాళీ గదిలో అరలు కట్టి, కొత్త డేటాబేసులు పొయ్యడానికి ఒక అచ్చు తయారుచేసి, గుమ్మం దగ్గర ఎవరెవర్ని రానివ్వాలో జాబితా పెడుతుంది. ఆ గుమ్మం నెంబరు 5432. అయిదు, నాలుగు, మూడు, రెండు! లెక్కల టీచరింటికి తగ్గ నెంబరు.

అప్పుడు మా వాడు, "ఇంక పోస్ట్‌మాస్టర్ని లేపడమే పిన్నీ" అన్నాడు. పడక్కుర్చీలో పేపరు చదువుతున్న మావారు, "నేను మేలుకునే ఉన్నాగా!" అన్నారు.

మా వాడు నవ్వలేక చచ్చాడు. పోస్ట్‌గ్రెస్‌లో ఆ పెద్దాయన పేరు నిజంగానే పోస్ట్‌మాస్టర్ట. వచ్చినవాళ్ళని చూసి, ఒక గుమాస్తాని అప్పగించి, తను మాత్రం కుర్చీలోనే ఉంటాడు. "అక్షరాలా నా ఉద్యోగమే. జీతమెంతట?" అన్నారు మావారు. ఆనాటినించీ మా ఇంట్లో పెద్ద పోస్ట్‌మాస్టరూ, చిన్న పోస్ట్‌మాస్టరూ.

చిన్నాయన ఆ గదిలో ఆరునెలలు కాపరం చేశాడు. నెమ్మదిగానే గాని, నమ్మకంగా. 2005 జనవరి 19న పోస్ట్‌గ్రెస్ 8.0 వచ్చింది. విండోస్ మీద ద్విభాషి లేకుండా నడిచే మొదటి పోస్ట్‌గ్రెస్. ఉగాదికి మా వాడు దాన్ని సీడీలో పట్టుకొచ్చాడు. అంటే, పిల్ల అత్తింటి భాష నేర్చుకుందన్నమాట!

ఏం నేర్చుకుందో అడిగి తెలుసుకున్నాను. రక్తబీజుడి విద్య మానేసి, పుట్టిన పసివాడి చేతికి "నీ పని ఇది, ఉమ్మడి పలక అక్కడుంది" అని చీటీ ఇచ్చి పంపడం నేర్చుకుంది. యూనిక్స్‌లో ఒకళ్ళనొకళ్ళు గిల్లి కబురు చెప్పుకునే అలవాటుంది; ఇక్కడ అది చెల్లదు కనక గొట్టం లాంటి ఏర్పాటు చేసుకుని అందులోంచి పిలుచుకుంటుంది. ఇంకొకటుంది. యూనిక్స్‌లో దస్త్రాన్ని ఒకడు చదువుతుండగానే ఇంకొకడు దాని పేరు చెరిపెయ్యొచ్చు. చదివేవాడు నిక్షేపంగా ఆఖరిదాకా చదువుకుంటాడు. విండోస్‌లో మనిషి కూచున్న కుర్చీని మామూలుగా కదపనివ్వరు. కాబట్టి కాస్త ఆగి మళ్ళీ అడగడం, ఇంకాస్త ఆగి ఇంకోసారి అడగడం నేర్చుకుంది. ఏ అత్తింట్లోనైనా పనికొచ్చే విద్యే!

అయితే, ఒక్క విషయంలో మాత్రం పుట్టింటి పట్టు వదల్లేదు. అసలు చెప్పదలచుకున్నది ఇక్కడుంది.

మా కంప్యూటర్లో ఉన్నది ఒకే ఖాతా. దానికి సర్వాధికారాలూ ఉన్నాయి. దేన్నైనా పెట్టొచ్చు, దేన్నైనా తీసెయ్యొచ్చు. ఆ రోజుల్లో ఇళ్ళల్లో కంప్యూటర్లన్నీ అంతే. "చూడు పిన్నీ తమాషా" అని మా వాడు ఆ ఖాతాలోంచే సర్వర్ని లేపబోయాడు. అది లేవలేదు. సర్వాధికారాలున్నవాళ్ళు నన్ను నడపడానికి వీల్లేదని తెగేసి చెప్పింది. కావలసినంత మట్టుకే అధికారాలున్న వేరే ఖాతా తెరిచి, దాని కింద పెడితేనే పనిలోకి వస్తానంది.

ఇంతకంటే చోద్యం ఉంటుందా? ఇంట్లోకి రాగానే తాళాలగుత్తి కోసం చెయ్యి చాచేవాళ్ళని చూశాం. ఇల్లాలే గుత్తి తీసి చేతిలో పెడుతుంటే, "నాకొద్దమ్మా, వంటింటి తాళం ఒక్కటి చాలు" అనే మనిషిని ఎక్కడైనా చూశారా? కారణం అడిగితే మా వాడు చెప్పాడు: సర్వరు అందరితోనూ మాట్లాడవలసినది. రేపు ఏ దొంగైనా మాయమాటలు చెప్పి దాన్ని లొంగదీసినా, వాడికి వంటిల్లు ఒక్కటే దొరకాలి, బీరువా దొరక్కూడదు. తన మీద తనకి నమ్మకం లేక కాదు, లోకం మీద నమ్మకం లేక. దొంగచేతికి తాళాలిచ్చినట్టు అని మనకి సామెత ఉంది గాని, దొర అయినవాడు తాళాలు తీసుకోడని చెప్పే సామెత లేదు. ఉంటే బాగుండును.

పెట్టేటప్పుడు ఇంత సతాయించిన మనిషి రాసేటప్పుడు ఎలా ఉంటుందో అప్పుడే ఊహించాను. అలాగే ఉంది.

మన షావుకార్లకి చిట్టా, ఆవర్జా అని రెండు పుస్తకాలుంటాయి. బేరం జరిగింది జరిగినట్టు, ఆ క్షణానే, వరసగా చిట్టాలో రాస్తారు. ఎవరి పద్దుకింద ఎంత అనేది తీరిగ్గా ఆవర్జాకి ఎత్తుతారు. ఎత్తుతుండగా దీపం ఆరిపోయినా భయంలేదు, చిట్టా ఉందిగా. పోస్ట్‌గ్రెస్ చేసేదీ అదే. 2001లో వచ్చిన 7.1 నించి ఈ చిట్టా పద్ధతి దానికి అలవాటయింది. మార్పు ఏదైనా ముందు చిట్టాకెక్కాలి. చిట్టా నిజంగా డిస్కుమీద పడిందని తేలాకే "కమిట్ అయింది" అని మనకి చెబుతుంది. ఆవర్జా సంగతి తరవాత చూసుకుంటుంది. పాత పట్టీకి చిట్టా లేదు. ఉన్న ఒక్క ఆవర్జానీ మొదలంటా తిరగరాస్తుండగా దీపం ఆరింది. అదీ జరిగింది.

ఇందులోనూ ఒక మెలిక ఉంది. డిస్కులు కొన్ని రాయకుండానే "రాశాను" అంటాయిట. తమ చిన్న జ్ఞాపకంలో పెట్టుకుని, తీరికైనప్పుడు పళ్ళెం మీద పెడతాయి. ఈలోగా కరెంటు పోతే అంతే సంగతులు. మా వాడు డిస్కు లక్షణాల్లోకెళ్ళి ఆ సౌకర్యం తీసేశాడు. వేగం తగ్గింది. తగ్గితే తగ్గనీ, నిజం చెప్పేవాడు కాస్త నెమ్మదిగానే చెబుతాడు. పైగా ప్రతి శనివారం పీజీ డంప్ అనే ఆజ్ఞతో మొత్తమంతా నకలు తీసి, సీడీ మీదికెక్కించి, ఎదురింటివాళ్ళ బీరువాలో పెట్టమన్నాడు. చిట్టా ఎంత మంచిదైనా, డిస్కే కాలిపోతే చిట్టా కూడా పోతుంది కదా!

ఆ మే నెలలో రోహిణికార్తె ఎండలు. పాత ఇద్దరమ్మాయిల్లో ఒకమ్మాయి కూచుని పుస్తకాలెక్కిస్తోంది. ఒక్కొక్క పుస్తకానికీ ఒక్కొక్క కమిట్. మధ్యాహ్నం మూడింటికి ఫ్యాను ఆగింది, తెర నల్లబడింది. ఆ పిల్ల ముఖం చూడాలి! కిందటేడు రెండు నెలల కష్టం ఆ ముఖంలో కనపడింది. ఏడుపొక్కటే తక్కువ.

కరెంటు అయిదున్నరకి వచ్చింది. కంప్యూటరు లేచింది. చిన్న పోస్ట్‌మాస్టరు తన దినచర్య పుస్తకంలో నాలుగు ముక్కలు రాసుకున్నాడు: నన్ను సవ్యంగా ఆపలేదు, నాకై నేనే కోలుకుంటున్నాను, చిట్టా ప్రకారం ఎత్తి రాశాను, ఇక రావచ్చు. అంతే! ఫిర్యాదు లేదు, దీర్ఘాలు తీయడం లేదు. మేం లెక్క చూశాం. కరెంటు పోయేసరికి 212వ పుస్తకం కమిట్ అయింది, 213వది సగంలో ఉంది. 212 ఉన్నాయి. 213 లేదు. సగం ముక్కగానైనా లేదు. "అయింది" అన్నవన్నీ అయ్యాయి; అనని దాని జాడ లేదు. ముప్ఫై ఏళ్ళు పేపర్లు దిద్దినదాన్ని, నూటికి నూరు వేశాను.

మావారు పడక్కుర్చీలోంచి లేచొచ్చి ఆ నాలుగు ముక్కలూ కళ్ళజోడు పెట్టుకుని చదివారు. "రిజిస్టరు ఉత్తరానికి రసీదిచ్చాక అది పోస్టాఫీసు పూచీ. ఇవ్వకముందు మనిషిది. వీడికి ఆ తేడా తెలుసు" అన్నారు. సాటి ఉద్యోగస్తుణ్ణి ఆయన మెచ్చుకోగా నేను వినడం అదే మొదలు.

తెలుగు మాత్రం ఇంకొన్నాళ్ళాగింది. 8.0లో విండోస్ మీద యూనికోడు వ్యవహారం పూర్తిగా కుదరలేదు. 2005 నవంబరులో 8.1 వచ్చాక కుదిరింది. అందాకా మా పుస్తకాల పేర్లన్నీ ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉండేవి. తెలుగులోకి మార్చాక అక్షరాల వరసలో చూస్తే 'ళ'తో మొదలయ్యే మాటలుంటే 'ల' పక్కనే కూచుంటాయిట, 'హ' తరవాత కాదు. యూనికోడు వాళ్ళు వేసిన వరస అది. తెలుగుమాస్టారికి చెబితే నొచ్చుకున్నారు. 'ళ'తో మొదలయ్యే పుస్తకం ఒక్కటి కూడా మా దగ్గర లేదని చెప్పాక శాంతించారు.

ఇప్పుడీ తంటాలేవీ లేవు. పెట్టెలో బొమ్మమీద నొక్కి, "తరవాత, తరవాత" అనుకుంటూ పోతే కాఫీ చల్లారేలోపల పోస్ట్‌గ్రెస్ కూచుంటుంది. అంతేకాదు, 2016 నించి విండోస్ తన ఇంట్లోనే లైనక్స్‌కి వాటా ఇచ్చి, రెండు పొయ్యిలు వెలిగించుకోనిస్తోంది. మా అక్క మనవరాలు కాలేజీ పనికోసం మొన్న తన లాప్‌టాప్‌లో ఇలాగే పెట్టుకుంది. వేరే ఖాతా, చిట్టా, గుమ్మం జాబితా - అన్నీ తెరవెనకే జరిగిపోయాయి. "అమ్మమ్మా, ఇందులో చెప్పుకోడానికేముంది?" అంది.

ఏముందంటే ఇదీ. సుఖంగా సాగే కాపరంలో ఎవరేం వదులుకున్నారో, ఏది వదులుకోలేదో పైకి కనపడదు. పోస్ట్‌గ్రెస్ మాటతీరు మార్చుకుంది, నడక మార్చుకుంది, కబురు పంపే తీరు మార్చుకుంది. తాళాలగుత్తి ముట్టుకోనన్న నియమం, చిట్టాకెక్కనిదే అయిందనకూడదన్న నియమం మాత్రం మార్చుకోలేదు. వచ్చినింట్లో ఏవి విడిచిపెట్టాలో, ఏవి విడవకూడదో తెలియడమే ఇమడడమంటే. తెలియనివాళ్ళు రెండో రకానివి వదిలేసి, మొదటి రకం వాటికోసం పంతాలు పోతారు.

అలా ముద్దయిన రిజిస్టర్లలో మిగిలిన ముక్కల్ని వెలుతురులో పట్టుకుని, ఆ పెద్దాయన భార్య పేరు కనపడ్డచోటల్లా ఎత్తి రాశాం. పదిహేడు పుస్తకాలు దొరికాయి. ఆమె ఇంకా ఎన్ని చదివారో చెప్పలేం. ఆ పదిహేడూ అచ్చువేసి ఇస్తే, ఆయన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుని, "మొదటిదెక్కడుందమ్మా, పట్టుకెళ్తాను" అన్నారు. సభ్యత్వం యాభై రూపాయలు. రసీదు మావారే రాసిచ్చారు. చిట్టాలో చిన్నాయన రాసుకున్నాడు.